మాట మోసినవాళ్లు: ధమ్మయాత్రలో దుబాసీలు

మజ్ఝిమ నికాయంలోని అరణవిభంగ సుత్తంలో బుద్ధుడు ఒక గిన్నె గురించి మాట్లాడతాడు. గొడవలు లేకుండా బతకడం ఎలా అన్నది ఆ సుత్తం విషయం. మధ్యలో ఉన్నట్టుండి ఈ గిన్నె వస్తుంది. ఒకే వస్తువును ఒక జనపదంలో పాతి అంటారు, మరోచోట పత్త అంటారు, ఇంకోచోట విత్థ, సరావ, ధారోప, పోణ, పిసీల అంటారు. ఏ ఊళ్లో ఏ మాట చెల్లితే అక్కడ ఆ మాటే వాడుకోవాలి. మా ఊరి మాటే అసలుది, తక్కినవి తప్పు అని పట్టుబడితే అదే గొడవకు మొదలు. ఆ భాగం సారాంశం ఇది. ఆ సరావ మన ఇళ్లలోని సరవకు దూరపు చుట్టమే కావచ్చు.

మనకు మాత్రం తక్కువ పేర్లున్నాయా? కోస్తాలో కంచం, పళ్లెం. తెలంగాణలో తలె. వస్తువు ఒకటే. అయితే పేరు మారినప్పుడు వస్తువుతో పాటు ఇంకా చాలా మారతాయి. భిక్ఖువు చేతిలోని పాత్రను తెలుగులో 'చిప్ప' అన్నామనుకోండి. నిఘంటువు ప్రకారం పెద్ద తప్పేమీ కాదు. కానీ హోటల్లో గ్లాసు ముట్టనివ్వక కొబ్బరిచిప్పలో టీ పోయించుకున్న తాతల మనవలు ఎదురుగా కూర్చున్న సభలో ఆ మాట ఎలా పడుతుంది? మాట తెలిసినంత మాత్రాన సరిపోదు. ఆ మాట ఎవరి చెవిలో పడుతోందో, ఆ చెవి ఇంతకుముందు ఏమేం విని ఉందో తెలియాలి. ఈ పని చేసేవాళ్లను మనం ఒకప్పుడు దుబాసీలు అనేవాళ్లం. ద్విభాషి అన్న మాట వాడుకలో అరిగి దుబాసీ అయింది. రెండు భాషలు తెలిసినవాడని దాని అర్థం. ధమ్మచరిత్రను దుబాసీల వైపు నుంచి చూస్తే రెండు భాషలు తెలియడం పనిలో సగం కూడా కాదని తేలుతుంది.

వినయపిటకం చుల్లవగ్గలో ఇద్దరు భిక్ఖువుల ప్రస్తావన ఉంది. పుట్టుకతో బ్రాహ్మణులు, చక్కని ఉచ్చారణ గలవాళ్లు. రకరకాల కులాల నుంచి, గోత్రాల నుంచి వచ్చినవాళ్లు తమ తమ మాటల్లో బుద్ధవచనాన్ని పాడుచేస్తున్నారని వాళ్ల ఫిర్యాదు. దాన్ని ఛందస్సులోకి, అంటే వేదభాష పద్ధతిలోకి మార్చేస్తామని అనుమతి అడిగారు. బుద్ధుడు వాళ్లను మందలించి, ఆ పని చేస్తే దోషమని నియమం పెట్టాడు. బుద్ధవచనాన్ని 'సొంత నిరుత్తి'లో నేర్చుకోవచ్చన్నాడు. ఇక్కడ సొంత అంటే బుద్ధుని సొంతమా, నేర్చుకునేవాళ్ల సొంతమా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. అట్ఠకథ మొదటి అర్థం తీసుకుంటుంది. ఆ వాదం ఎటు తేలినా ఒకటి మాత్రం గట్టిగా నిలుస్తుంది: పైకులం భాషలో చెబితేనే మాటకు గౌరవం అన్న ప్రతిపాదన సంఘం ముందుకు వచ్చింది, తిరస్కరణకు గురైంది.

అశోకుని కాలానికి ఈ సమస్య రాజ్యమంత పెద్దదయింది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్న శాసనాల భాష ప్రాకృతం. చుట్టుపక్కల జనం ఇళ్లలో మాట్లాడుకున్నది అదేనని అనుకోలేం. అందుకే కాబోలు ఆ లఘు శాసనంలో రజ్జుకులనే అధికారులు జానపదులకు ఈ సంగతి చెప్పాలన్న ఆజ్ఞ కూడా చెక్కించారు. రాతి మీద ఉన్నదాన్ని నోటితో చెప్పేవాడు కావాలి. ఆ రజ్జుకుడు మన నేల మీద ధమ్మానికి తొలి దుబాసీల్లో ఒకడై ఉంటాడు. అతని పేరు మనకు దొరకదు. దుబాసీల పేర్లు దొరకకపోవడం ఈ చరిత్ర పొడుగునా కనిపించేదే.

రాజ్యం అవతలి కొసన, ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని కాందహార్‌లో, 1958లో ఒక శాసనం బయటపడింది. ఒకే బండ మీద గ్రీకు, అరమాయిక్ భాషలు రెండూ ఉన్నాయి. ధమ్మం అన్నచోట గ్రీకు పాఠంలో 'యూసెబియా' అని ఉంది. దేవతల పట్ల, తల్లిదండ్రుల పట్ల ఉండాల్సిన భయభక్తులకు గ్రీకులు వాడే మాట అది. అరమాయిక్ పాఠంలో సత్యం అన్న అర్థమిచ్చే మాట వాడారు. ఇద్దరు దుబాసీలు, ఇద్దరు శ్రోతలు, రెండు వేర్వేరు ధమ్మాలు! గ్రీకు వినేవాడికి అది పెద్దల పట్ల వినయంలా వినిపించింది. అరమాయిక్ వినేవాడికి నిజం పలకడంలా వినిపించింది. రెండూ అశోకుని ధమ్మంలో ఉన్నవే. కానీ ఏ ఒక్కటీ మొత్తం కాదు. ఆ గ్రీకు దుబాసీని నేను తప్పుపట్టను. కొత్త మాట పుట్టించి జనాన్ని తికమక పెట్టడం కన్నా వాళ్లకు తెలిసిన గౌరవమైన మాట ఎంచుకున్నాడు. దానికి చెల్లించాల్సిన మూల్యం ఏమిటో చైనాలో బాగా తెలిసివచ్చింది.

చైనాకు ధమ్మం పుస్తకాలుగా కన్నా ముందు నోటిమాటగా వెళ్లింది. మనం 'అనువాదం' అనగానే ఒంటరిగా బల్ల ముందు కూర్చుని రాసుకునే మనిషిని ఊహించుకుంటాం. అప్పటి పద్ధతి వేరు. విదేశం నుంచి వచ్చిన భిక్ఖువు కంఠస్థమైన సూత్రాన్ని వినిపిస్తాడు. రెండు భాషలు తెలిసిన ఇంకొకడు దాన్ని చైనా భాషలో నోటితో చెబుతాడు. మూడోవాడు రాసుకుంటాడు. క్రీ.శ. 179లో లోయాంగ్ నగరంలో అష్టసాహస్రికా ప్రజ్ఞాపారమిత చైనా భాషలోకి వచ్చిన రోజు వివరాలు ఆ గ్రంథం చివర రాసిపెట్టారు. భారతదేశం నుంచి వచ్చిన ఒక భిక్ఖువు వినిపించాడు. కుషాణుల దేశస్థుడు లోకక్షేముడు 'మాట అందించాడు'. చైనీయులు రాసుకున్నారు. అంటే మహాయాన గ్రంథాల్లో అతి పాతవాటిలో ఒకటి చైనాకు చేరింది ఒక దుబాసీ గొంతు మీదుగానే.

ఆ గొంతు దగ్గరే చిక్కు మొదలైంది. నిర్వాణం, బోధి, శూన్యత వంటి మాటలకు చైనాలో సమానమైనవి లేవు. దుబాసీలు చేతికందిన మాటలు తీసుకున్నారు. అవి ఎక్కువగా లావోజీ, జువాంగ్‌జీ అనుయాయుల మాటలు. నిర్వాణానికి 'వు-వెయ్' అన్నారు. అంటే ఏ ప్రయత్నమూ లేకుండా ప్రకృతితో కలిసిపోవడం. బోధికి 'దావో' అన్నారు. 4వ శతాబ్దంలో ఝూ ఫాయా అనే భిక్ఖువు దీన్ని ఒక బోధన పద్ధతిగానే మార్చాడు. బౌద్ధుల పట్టికల్లోని ఒక్కో మాట పక్కన చైనా గ్రంథాల్లోని ఒక్కో మాట పెట్టి జత కలిపేవాడు. దీన్ని 'గెయి' అన్నారు. చదువుకున్న కులీనులకు ఇది ఎంతో నచ్చింది. కొత్త ధర్మం కొత్తగా అనిపించలేదు మరి! తమ తాతలు చెప్పిందే విదేశీ భిక్ఖువు కూడా చెబుతున్నాడని మురిసిపోయారు. పాత మాటలోంచి పాత అర్థమే బయటికొచ్చింది.

ఈ పద్ధతి మీద మొదట తిరగబడినవాళ్లలో దావో ఆన్ ముఖ్యుడు. 312లో పుట్టి 385లో పోయాడు. విచిత్రం ఏమిటంటే ఆయనకు సంస్కృతం రాదు. చాంగాన్‌లో అనువాద సభలను నడిపించాడు, పాత అనువాదాలను పక్కపక్కన పెట్టి పోల్చాడు, ఏ గ్రంథం ఎవరు ఎప్పుడు తెచ్చారో జాబితా రాశాడు. 382లో రాసిన ముందుమాటలో మూలం ఐదు చోట్ల నష్టపోతుందని, మూడు విషయాలు కష్టమని లెక్క తేల్చాడు. నష్టాలు ఎక్కువగా వాక్యానికి, శైలికి సంబంధించినవి: మాటల వరస తలకిందులు చేయడం, ఇంపు కోసం మెరుగులు దిద్దడం, మళ్లీ మళ్లీ వచ్చే మాటలను కోసేయడం వంటివి. కష్టాల్లో మొదటిది మాత్రం నేరుగా మన విషయమే. బుద్ధుడు తన కాలపు ఆచారాలను అనుసరించి మాట్లాడాడు. ఆచారాలు మారిపోయాయి. ఆనాటి మాటను ఈనాటి ఆచారాలకు ఎలా సరిపెట్టడం? భాష రాని మనిషి దుబాసీ పనిలోని అసలు కష్టాన్ని ఇంత సూటిగా పట్టుకున్నాడు. భాష రాలేదు కాబట్టే పట్టుకున్నాడేమో కూడా. జీవితమంతా ఇతరుల నోటి మీద ఆధారపడిన శ్రోత ఆయన.

ఆ సభల్లో మాట అందించినవాళ్లలో ఝూ ఫోనియన్ పేరు చెప్పుకోవాలి. చైనాకు పడమటి వాకిలి లాంటి లియాంగ్‌ఝౌ ప్రాంతంవాడు. మధ్య ఆసియా నుంచి వచ్చే బిడారు దారి ఆ ఊళ్ల మీదుగానే పోతుంది. వాళ్ల కుటుంబం తరాలుగా అక్కడే ఉంది కాబట్టి చైనీయుల మాట, విదేశీయుల మాట రెండూ అతనికి తెలుసునని భిక్ఖువుల జీవితచరిత్రల సంకలనం చెబుతుంది. దానికి ముందే ఇంకో సంగతి చెబుతుంది: చిన్నతనం నుంచి ఊళ్లు తిరిగి, జనం ఆచారాలన్నీ చూసినవాడని. పదహారు వందల ఏళ్ల కిందటి ఒక దుబాసీ అర్హతల్లో భాష కన్నా ముందు ఆచారాల ఎరుకను రాశారు.

ఆ ఎరుక ఎక్కడ పనికొచ్చిందో చూడండి. 410లో బుద్ధయశుడు అనే కాశ్మీర భిక్ఖువు ధర్మగుప్తక వినయాన్ని చాంగాన్‌లో కంఠస్థంగా వినిపించడానికి సిద్ధమయ్యాడు. అంత పెద్ద గ్రంథం నోటికెలా వస్తుందని రాజు యావో షింగ్‌కు అనుమానం వచ్చింది. మందుల చీటీలు, జనాభా పట్టీలు చేతికిచ్చి బట్టీ పట్టమన్నాడు. రెండు రోజుల్లో అప్పజెప్పాడు, ఒక్క పొల్లు తప్పు లేదు. ఆ తర్వాత సభ మొదలైంది. ఆయన వినిపించాడు, ఝూ ఫోనియన్ మాట అందించాడు. వినయం అంటే తత్వచర్చ కాదు. ఏ బట్ట కట్టాలి, ఏ పూటకు తినాలి, స్నానం ఎక్కడ, చెప్పులు ఎలాంటివి, ఎవరి ఇంట్లో ఎలా కూర్చోవాలి, ఇవన్నీ. మన దేశపు వేడిలో పుట్టిన నియమాలను చలిదేశపు భిక్ఖువుల సంసారంలోకి చెప్పాలంటే రెండు చోట్లా వంటిల్లు, పెరడు చూసి ఉండాలి.

ఇక కుమారజీవుడు. తండ్రి భారతీయుడు, తల్లి కూచా రాజకుటుంబం ఆడపడుచు. 384లో చైనా సేనాని లు గువాంగ్ కూచాను గెలిచి ఆయన్ను పట్టుకున్నాడు. అక్కడి నుంచి తెచ్చి లియాంగ్‌ఝౌలోనే సుమారు పదహారేళ్లు ఉంచారు. ధమ్మం మీద గౌరవం లేని సైనికుల మధ్య బందీ బతుకు. ఆయన చైనా భాష నేర్చుకున్నది అక్కడే. గ్రంథాల్లో కాదు, కావలివాళ్ల మధ్య, సంతల మధ్య. 401 చివర్లో చాంగాన్ చేరినప్పుడు ఆయన దగ్గర ఉన్నది అంతకుముందు ఏ విదేశీ భిక్ఖువుకూ లేని ఆస్తి: జనం నోటి చైనా భాష. 403–404లో పెద్ద ప్రజ్ఞాపారమితను మళ్లీ అనువదించిన సభ గురించి శిష్యుడు సెంగ్‌రుయ్ రాసిపెట్టాడు. ఐదు వందల మందికి పైగా భిక్ఖువులు కూర్చున్నారు. కుమారజీవుడు మూలం చేత పట్టుకుని నోటితో చైనా భాషలో చెప్పాడు. రాజు స్వయంగా పాత అనువాదం చేత పట్టుకుని పోల్చి చూశాడు. తేడా వచ్చినచోట చర్చ. అర్థం కుదిరాకే కలం కదిలింది.

సద్ధర్మ పుండరీకం అనువదించేటప్పటి ముచ్చట ఒకటుంది. పాత అనువాదంలో దేవతలు మనుషుల్ని చూస్తారు, మనుషులు దేవతల్ని చూస్తారు అన్న అర్థంలో ఒక వాక్యం ఉంది. కుమారజీవుడు అక్కడ ఆగాడు. అర్థం మూలానికి సరిగ్గా సరిపోతోంది గాని మాట మరీ మొరటుగా ఉందన్నాడు. మనుషులూ దేవతలూ కలుసుకుంటారు, ఒకరికొకరు కనబడతారు అంటే ఎలా ఉంటుందని సెంగ్‌రుయ్ అడిగాడు. గురువు అదే అదే అని సంబరపడ్డాడు. గురువుకు మూలం తెలుసు, శిష్యుడికి వినేవాళ్ల చెవి తెలుసు. ఆ సభలో దుబాసీ ఒక మనిషి కాదు, ఇద్దరి మధ్య జరిగిన ఆ సంభాషణ. అదే కుమారజీవుడు మరోచోట, సంస్కృత శ్లోకాన్ని చైనాలోకి మార్చడం ఒకడు నమిలిన అన్నం ఇంకొకడికి పెట్టడం లాంటిదని, రుచి పోవడమే కాదు వాంతి కూడా వస్తుందని అన్నాడట. తన పని మీద ఇంత కఠినమైన తీర్పు చెప్పుకున్న అనువాదకుడు అరుదు.

ఆచారాల ఎరుకకు ఇంకో ముఖం కూడా ఉంది. దాన్ని దాచిపెట్టకూడదు. దీఘ నికాయంలోని సిగాలోవాద సుత్తంలో భర్త భార్యకు చేయాల్సినవి చెబుతూ ఆమెను గౌరవించాలి, అవమానించకూడదు, ఇంట్లో అధికారం ఆమె చేతికివ్వాలి అని ఉంది. ఈ బోధ తొలి చైనా అనువాదాల్లో ఎలా మారిందో జపాన్ పండితుడు నకమురా హజిమె వివరంగా చూపించాడు. భర్త భార్యను పోషిస్తాడు అన్నది భర్త భార్యను అదుపులో పెడతాడు అయింది. భార్య భర్తకు ఊరటనిస్తుంది అన్నది భార్య భర్తను పూజ్యంగా చూస్తుంది అయింది. ఇక్కడ దుబాసీకి ఎదుటివాళ్ల సంస్కృతి తెలియక తప్పు జరగలేదు. బాగా తెలిసే జరిగింది. కన్ఫ్యూషియస్ సంప్రదాయపు కుటుంబ పెద్దకు ఏది కోపం తెప్పిస్తుందో అతనికి తెలుసు. కోపం రాకుండా మాట మార్చాడు. ఆ మార్పు మూల్యం చెల్లించింది ఆ సభలో లేని ఆడవాళ్లు. అందుకే దుబాసీకి సంస్కృతి తెలిసి ఉండాలి అని మనవాళ్లు తేలిగ్గా అన్నప్పుడు నాకు ఒక ప్రశ్న వస్తుంది. ఎవరి సంస్కృతి? కుర్చీలో కూర్చున్నవాడిదా, నేల మీద కూర్చున్నవాళ్లదా?

మనకు తెలిసిన హ్యూయన్‌త్సాంగ్ ఈ ప్రశ్నను మొండిగా ఎదుర్కొన్నాడు. 7వ శతాబ్దంలో ఆయన మన ఆంధ్రదేశానికి వచ్చాడు. ఇక్కడి మాటతీరు మధ్యదేశంతో కలవదు, లిపి మాత్రం చాలావరకు ఒకటే అని రాసుకున్నాడు. ధాన్యకటకంలో కొన్ని నెలలు ఉండి సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్ఖువుల దగ్గర మహాసాంఘికుల అభిధర్మం నేర్చుకున్నాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. కృష్ణ ఒడ్డున ఇద్దరు స్థానిక గురువుల ముందు కూర్చున్న ఆ చైనా భిక్ఖువును ఊహించుకోవడం నాకు ఇష్టం. 645లో తిరిగి వెళ్లాక చక్రవర్తి ఆయనకు ఒక తలకిందుల పని అప్పజెప్పాడు: లావోజీ గ్రంథాన్ని సంస్కృతంలోకి మార్చాలి. దావో మతస్థులు కూడా ఆ పనిలో కూర్చున్నారు. దావో అన్న మాటకు బోధి అని పెట్టమని వాళ్లు పట్టుబట్టారు. పాత అనువాదాల్లో బోధికి దావో అన్నారు కదా, తిరగేస్తే తప్పేమిటి? హ్యూయన్‌త్సాంగ్ ససేమిరా అన్నాడు. దావో అంటే దారి, కాబట్టి 'మార్గ' అనే పెడతానన్నాడు. ఐదు వందల ఏళ్ల కిందటి దుబాసీలు సర్దుబాటుగా వాడిన ఒక్క మాట ఇప్పుడు అప్పుపత్రంలా తిరిగి వచ్చింది. ఒప్పుకుని ఉంటే బుద్ధుడు పొందిన బోధీ, లావోజీ చెప్పిన దావో ఒకటేనని మన దేశంలో సంస్కృతంలో చదువుకునేవాళ్లం.

ఆయన పేరు మీద ఒక సూత్రం కూడా చెలామణిలో ఉంది. ఐదు రకాల మాటలను అర్థం మార్చి చెప్పకూడదు, శబ్దం యథాతథంగా ఉంచాలి: ధారణుల వంటి రహస్య పదాలు, భగవత్ లాగా అనేక అర్థాలున్నవి, జంబూవృక్షం లాగా ఆ దేశంలో లేనివి, ముందు నుంచి అలాగే వాడుకలో ఉన్నవి, చివరగా అర్థం చెబితే గౌరవం పలచబడేవి. ప్రజ్ఞ అనకుండా తెలివి అంటే తేలికైపోతుందని ఉదాహరణ. చెప్పకుండా వదిలేయడం కూడా దుబాసీ పనిలో భాగమే అన్నమాట.

మన దగ్గరికి వద్దాం. 18వ శతాబ్దం ముగుస్తున్న రోజుల్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్టణం కట్టించుకుంటూ పక్కనున్న దిబ్బను తవ్వించాడు. జనం దాన్ని దీపాలదిన్నె అనేవాళ్లు. చెక్కిన పాలరాళ్లు బయటపడ్డాయని విని సర్వే అధికారి కాలిన్ మెకంజీ చూడటానికి వచ్చాడు. మెకంజీకి దేశభాషలు రావు. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. ఆయన చెవులూ నోరూ ఏలూరులో పుట్టిన కావలి వెంకట బొర్రయ్య. అనేక భాషలు తెలిసిన చురుకైన యువకుడు. చిన్న వయసులోనే 1803లో పోయాడు. తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. ఈనాడు మన గ్రామాల కైఫీయత్తులు ఉన్నాయంటే ఆ అన్నదమ్ముల చలవే. అది మరవకూడదు.

అయినా ఆ దిబ్బ ముందు వాళ్ల విద్య పనిచేయలేదు. స్తూపాన్ని మెకంజీ మొదట జైనుల కట్టడంగా భావించాడు. ఎందుకని? బొర్రయ్య తెలివితక్కువవాడు కాదు. దుబాసీ ఎవరో ఒకరు చెబితేనే కదా మార్చి చెప్పేది! కన్నడ దేశంలో జైన గురువులు బతికి ఉన్నారు. వాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది బొర్రయ్య ఇంగ్లీషు చేస్తే 1807లో ఏషియాటిక్ రిసర్చెస్ సంపుటంలో జైనుల గురించిన వ్యాసంగా అచ్చయింది. అదే సంపుటంలో దీపాలదిన్నె గురించి మెకంజీ రాసినదీ అచ్చయింది. కృష్ణ ఒడ్డున మాత్రం అడగడానికి ఒక్క బౌద్ధుడు లేడు. ఊరి పెద్దలకు గుర్తున్నది పురాణాల్లోని బౌద్ధులు, అంటే ఓడిపోయిన పాషండులు. రాళ్లు మాట్లాడుతూనే ఉన్నాయి. బోధివృక్షం ఉంది, ధమ్మచక్రం ఉంది, పాదముద్రలు ఉన్నాయి. దుబాసీ ఎరిగిన లోకంలో ఆ గుర్తులకు పేర్లు లేవు. మెకంజీ 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించేనాటికి దిబ్బ నడుమ కోనేరు తవ్వడం మొదలైపోయింది. ఎన్నో రాళ్లు కట్టడాల్లో కలిసిపోయాయి. అనకాపల్లి దగ్గర శంకరంలోనూ ఇంతే. కొండరాతిలో వరసగా తొలిచిన స్తూపాలున్న గుట్టను జనం లింగాలమెట్ట అన్నారు. కళ్లకు కనబడేది ఒకటి, నోటికొచ్చే పేరు ఇంకొకటి. పక్క కొండ పేరు బొజ్జన్నకొండ. బుద్ధుడు అన్న మాట ఆ బొజ్జన్నలో అరిగిపోయి ఉందంటారు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేసిన పనిని ఈ చరిత్రలో పెట్టి చూడాలి. కుశీనగర్‌లో స్థిరపడిన బర్మా దేశపు చంద్రమణి మహాథేరో ఆయనకు త్రిశరణాలు, పంచశీలాలు పాలీలో ఇచ్చారు. దీక్షగా అది సంపూర్ణం. బర్మాలో అయితే అక్కడితో సరిపోయేది. ఎదురుగా ఉన్నది లక్షలాది అంటరానివాళ్లని చేసిన జనం. బుద్ధం శరణం గచ్ఛామి అని వాళ్లు కొత్తగా విన్నారు. పాత దేవుళ్ల పటాలు మాత్రం ఇంకా ఇళ్లలో ఉన్నాయి. బుద్ధుడు విష్ణువు అవతారమని ఊళ్లో అయ్యగారు చెప్పింది ఇంకా చెవుల్లో ఉంది. బాబాసాహెబ్ ఆ పాలీ మాటలకు మరాఠీలో ఇరవై రెండు ప్రతిజ్ఞలు జోడించారు. ఏ దేవతలను ఇక నమ్మమో పేరుపేరునా చెప్పించారు. బుద్ధుడు విష్ణువు అవతారం కాదని చెప్పించారు. కొందరు పండితులు ఆ ప్రతిజ్ఞలు త్రిపిటకంలో ఎక్కడున్నాయని ఇప్పటికీ అడుగుతారు. అవి త్రిపిటకంలో ఉండవు. శరణు అన్న మాట ఆ చెవుల్లోకి చెదరకుండా వెళ్లాలంటే ఆ జనం చెవులకు అవి అవసరం. నా దృష్టిలో అది మన కాలంలో జరిగిన అతి పెద్ద దుబాసీ పని.

మరి మన తెలుగు సభల్లో? శ్రీలంక నుంచో, థాయిలాండ్ నుంచో భంతేలు వస్తారు. ఇంగ్లీషులో చెబుతారు. మనవాడొకడు మైకు పట్టుకుని తెలుగు చేస్తాడు. నిబ్బానం అంటే మోక్షం, వందన అంటే పూజ, దాన అంటే దానధర్మాలు. చైనాలో ఝూ ఫాయా చేసిన జతకట్టే పని ఇది కాక మరేమిటి? 'ధర్మం' అన్న మాటనే తీసుకోండి. మన ఊళ్లలో ధర్మం చెయ్యండి బాబూ అంటే బిచ్చం. కులధర్మం అంటే ఎవరి పాకీపని వాళ్లు చేసుకోవడం. ఈ రెండూ విని పెరిగినవాళ్ల ముందు ధర్మం అంటే ఏం వినబడుతుంది? మనం పట్టుబట్టి ధమ్మం అనడాన్ని కొందరు వేషం అంటారు. హ్యూయన్‌త్సాంగ్ పేరు మీద ఉన్న ఆ ఐదో నియమం తెలిస్తే అలా అనరు.

నేనూ కొన్నాళ్లు మైకు పట్టుకున్నవాణ్ణే. నల్లగొండ వైపు ఒక ఊళ్లో శ్రీలంక భంతే ఒకరు కమ్మ గురించి చెప్పారు. నేను కర్మ అన్నాను. మనం చేసిన కర్మే మనకు ఫలమిస్తుంది అని గంటసేపు అనర్గళంగా తెలుగు చేశాను. సభ అయ్యాక ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, "గిన్నొద్దులు వాళ్లు గూడ గిదే జెప్పిండ్రు గద బిడ్డా, మన కర్మ అని" అంది. కోపంగా అనలేదు. అలసటగా అంది. ఆమె విన్నది తలరాత. అంటరానితనం పోయిన జన్మ ఫలమని ఆమెకు చెప్పిన మాట. బుద్ధుడు కమ్మం అంటే చేతన, ఉద్దేశపూర్వకంగా చేసే పని అని అంగుత్తర నికాయంలో నిర్వచించాడని నాకు తెలుసు. బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో బౌద్ధుల కమ్మానికీ బ్రాహ్మణుల కర్మకూ తేడా విప్పి చెప్పారని కూడా తెలుసు. తెలిసి ఏం లాభం? నోట్లోంచి వచ్చింది పాత మాట.

ఆ రాత్రి భంతేతో ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వి, మా సింహళంలో కూడా ఇదే తంటా అన్నారు. కష్టమొస్తే జనం 'కరుమే' అని తల పట్టుకుంటారట, అచ్చం మన 'ఖర్మ' లాగే. రెండు వేల ఏళ్లుగా ధమ్మం ఉన్న దేశంలో కూడా ఆ మాట అలా జారిపోయింది. మర్నాడు వేరే ఊళ్లో సభ. ఆయన కమ్మ అన్నారు. నేను 'మనం కావాలని చేసే పని' అన్నాను. కొంచెం ఆగి, ఇది తలరాత కాదు, పోయిన జన్మది కాదు, ఈ చేతులతో చేసేది అని కలిపాను. అది నేను కలిపిన మాట. ఆయన అన్నది కాదు. సభ అయ్యాక ఆయనకు చెబితే తలూపారు.

వెనక వరసలోంచి ఒక కూలీ లేచి అడిగాడు: "మరి దొర పొలంల జేసే పని గూడ గా లెక్కలకే వస్తదా?" కొందరు నవ్వారు. భంతే నా వైపు తిరిగి, ఏమంటున్నాడు అని అడిగారు. దొర అన్న మాటకు ఇంగ్లీషులో ఏమనాలో నాకు తోచలేదు. భూస్వామి అంటే సరిపోదు, యజమాని అంటే అసలే సరిపోదు. మైకు కింద పెట్టి, ఆయన పక్కన కూర్చుని, ముందు ఆ ఊరి గురించి చెప్పడం మొదలుపెట్టాను.